ఆటుపోట్ల మధ్య మేత: సముద్రగడ్డిని తినే జీవుల లెక్క ఎలా కడతారు?

ఉత్తర కాలిఫోర్నియాలో యురేకా పట్టణాన్ని ఆనుకుని హంబోల్ట్ అఖాతం ఉంది. చలికాలం చివరి నుంచి వసంతం దాకా అక్కడికి బ్రాంట్ అనే నల్లని పెద్దబాతులు వేల సంఖ్యలో వచ్చి దిగుతాయి. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా లగూన్లలో చలికాలం గడిపి, గూళ్లు కట్టుకోవడానికి అలాస్కా వైపు వెళ్లే దారిలో అవి ఇక్కడ ఆగడానికి ముఖ్య కారణం ఈల్‌గ్రాస్ అనే సముద్రగడ్డి. ఆటు మొదలై నీరు దిగుతున్నకొద్దీ గడ్డి కొసలు పైకి తేలుతాయి, పక్షులు గుంపులుగా ఆ వైపు ఈదుతాయి. అవి నీటి అడుగుకు మునగలేవు. తల ముంచి, తోక నిటారుగా పైకెత్తి, మెడ అందినంత లోతులో ఉన్న ఆకును తెంపుకుని తింటాయి. అలా అందేది సుమారు 40 సెంటీమీటర్ల లోతు వరకే. పోటు వచ్చి నీరు మళ్లీ పెరిగితే మేత ఆగిపోతుంది. అప్పుడవి తెగి తేలుతున్న ఆకులను ఏరుకుంటాయి, లేదా ఇసుక మేట మీదికి చేరి, తిన్న గడ్డిని కడుపులో నూరుకోవడానికి కావలసిన సన్నని గులకరేణువులను మింగుతాయి.

ఈ అఖాతం ఎన్ని పక్షులను పోషించగలదు? ఎవరైనా ముందు వేసేది ఒక భాగహారం: అడుగున ఉన్న గడ్డి మొత్తాన్ని, ఒక పక్షి ఒక రోజు తినే గడ్డితో భాగిస్తే సరిపోతుందనిపిస్తుంది. పశువుల మంద ఉన్న ఏ రైతును అడిగినా ఈ లెక్క తప్పని చెబుతాడు. బీడులో ఉన్న గడ్డి వేరు, పశువు కడుపులోకి చేరే గడ్డి వేరు. ముళ్లకంప చాటున ఉన్నది, వాగు అవతల ఉన్నది, ముదిరి పీచుగా మారినది లెక్కలో ఉంటుంది గాని మేతలో ఉండదు. నదీముఖాల్లో, అఖాతాల్లో ఈ తేడా మరీ పెద్దది. అక్కడ మేతకూ మేసే జీవికీ మధ్య ఉన్న అడ్డు నీరు, ఆ నీరు గంట గంటకూ మారుతూ ఉంటుంది. ఆ అడ్డును లెక్కలోకి తీసుకురావడమే మేత మోడళ్ల అసలు పని.

ముందుగా గడ్డి సంగతి. సముద్రగడ్డి నాచు కాదు. నేల మీద పుట్టి పెరిగిన పూలమొక్కల వంశంలోంచి తిరిగి ఉప్పునీటిలోకి వెళ్లిన మొక్క. దానికి వేళ్లుంటాయి, మట్టిలో అడ్డంగా పాకే కాండం ఉంటుంది, నీటిలోనే పూసి విత్తనం కడుతుంది. మన గరికలాగే ఆకు మొదలు దగ్గర పెరుగుతుంది కాబట్టి, కొస తెంపినంత మాత్రాన మొక్క చావదు. దానికి పెద్ద కొరత వెలుతురు. లోకంలోని సముద్రగడ్డి జాతులను సగటున చూస్తే, నీటి ఉపరితలం మీద పడే వెలుతురులో సుమారు 11 శాతమైనా అడుగుకు చేరే లోతు వరకే అవి బతకగలుగుతున్నాయని కొలతలు చెబుతున్నాయి. నీరు బురదగా మారినా, ఆకు మీద పాచి దట్టంగా పేరుకున్నా ఆ లోతు తగ్గిపోతుంది. ఈ పాచి విషయం మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు ఆటుపోటు. ఇక్కడ కాస్త ఓపికగా లెక్క వేస్తే మిగతా వ్యాసమంతా తేలికవుతుంది. ఒక ఊహా అఖాతాన్ని తీసుకుందాం: పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం రెండు మీటర్లు మారుతుంది, ఒక ఆటు నుంచి మరో ఆటుకు సుమారు 12 గంటల 24 నిమిషాలు పడుతుంది, నీరు నునుపైన అలలా పెరిగి తరుగుతుంది. పూర్తి ఆటులో సరిగ్గా నేల బయటపడే ఎత్తులో ఒక గడ్డి మడి ఉందనుకుంటే, అక్కడి నీటి లోతు 40 సెంటీమీటర్లకు మించకుండా ఉండేది సుమారు మూడు గంటల నలభై నిమిషాలు. అదే మడి 30 సెంటీమీటర్లు కిందుగా ఉంటే ఆ వ్యవధి గంటా నలభై ఏడు నిమిషాలకు, అంటే సగానికి పడిపోతుంది. 45 సెంటీమీటర్లు కిందుగా ఉన్న మడిలో ఒక్క నిమిషం కూడా నేల దగ్గరి ఆకు అందదు. గజం కంటే తక్కువ తేడాలో నిండు విస్తరి ఖాళీ విస్తరిగా మారిపోయింది. మూడు మడుల్లోనూ గడ్డి ఒకే మోతాదులో ఉండవచ్చు, ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రంలో మూడూ ఒకే పచ్చదనంతో కనిపించవచ్చు.

నిజమైన అఖాతంలో ఈ లెక్కకు మెలికలు పడతాయి. అమెరికా పసిఫిక్ తీరంలో రోజుకు వచ్చే రెండు ఆట్లూ సమానం కావు, ఒకసారి నీరు బాగా దిగితే రెండోసారి అంతంతమాత్రంగా దిగుతుంది. ఆకు పొడవైనదైతే మడి లోతుగా ఉన్నా కొసలు పైకి తేలి కొంత అందుతాయి. గడ్డి ఒత్తు లోతును బట్టి, నెలను బట్టి మారుతుంది. అందువల్ల మోడల్ కట్టేవారు అఖాతం అడుగును ఎత్తుల వారీగా మడులుగా విభజించి, ఏ గంటలో ఏ మడి మీద నీరెంత ఉంటుందో ఆటుపోట్ల పట్టికతో కలిపి లెక్కిస్తారు. తేలిన అంకెను ‘ఉన్న గడ్డి’ అనరు, ‘ఈ గంటలో అందే గడ్డి’ అంటారు. ఈ రెండు మాటల మధ్య తేడాను పట్టుకోవడమే మొత్తం విషయంలో నేను అన్నిటికంటే ముఖ్యమని భావించే మెట్టు.

అందే గడ్డిని పక్షి ఎంత వేగంగా తినగలదన్నది తర్వాతి ప్రశ్న. దీనికి పునాది వేసిన ప్రయోగం సముద్రానికి ఎంతో దూరంగా, ఒక బల్ల మీద జరిగింది. కెనడా శాస్త్రవేత్త హోలింగ్ 1959లో ప్రచురించిన పరిశోధనలో, కళ్లకు గంతలు కట్టుకున్న సహాయకురాలు బల్ల మీద వేలితో తడుముతూ, చెదురుగా పరిచిన గరుకు కాగితపు బిళ్లలను వెతికి, తగిలిన ప్రతి బిళ్లనూ తీసి పక్కన పెట్టేది. బిళ్లల సంఖ్య పెంచినకొద్దీ ఆమె తీసే బిళ్లలూ పెరిగాయి గాని, ఆ పెరుగుదల క్రమంగా మందగించింది. వెతకడానికి పట్టే కాలం తగ్గుతూ పోయినా, దొరికిన బిళ్లను ఊడదీసి పక్కన పెట్టడానికి పట్టే కాలం తగ్గదు. ఎంత సమృద్ధి ఉన్నా చేతికి ఒక వేగ పరిమితి ఉంటుందన్న ఈ చిన్న పరిశీలన జంతువుల మేత లెక్కలన్నిటికీ మూలస్తంభమైంది.

దీన్ని బాతుకు అన్వయించి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. ఒక ఆకును తెంపి మింగడానికి నాలుగు సెకన్లు పడుతుందనుకుందాం. దట్టమైన మడిలో తర్వాతి ఆకు దొరకడానికి ఒక సెకను చాలు, కాబట్టి నిమిషానికి పన్నెండు నోళ్లు. గడ్డి సగానికి తగ్గితే వెతుకులాట రెండు సెకన్లు, అప్పుడు నిమిషానికి పది నోళ్లు. నాలుగో వంతుకు తగ్గితే ఏడున్నర, ఎనిమిదో వంతుకు తగ్గితే ఐదు. గడ్డిలో ఎనిమిది పాళ్లకు ఏడు పాళ్లు పోయినా తినే వేగం సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే తగ్గింది! అంటే గడ్డి పలచబడుతున్న తొలి దశలో పక్షికి పెద్ద తేడా తెలియదు, చివరి దశలో ఒక్కసారిగా తెలుస్తుంది. మేత వేగాన్ని గడ్డి ఒత్తుకు నేరుగా ముడిపెట్టే సాదా మోడళ్లు దెబ్బతినేది ఈ వంపు దగ్గరే.

నోటి తర్వాత కడుపు. ఆవుకు ఉన్నట్టు నెమరువేసే పొట్ట బాతుకు లేదు. తిన్న గడ్డి దాని పేగుల్లోంచి త్వరగా సాగిపోతుంది, పీచులో ఎక్కువ భాగం అరగకుండానే బయటికి వస్తుంది. ఎగరవలసిన జీవి బరువైన పొట్టను మోయలేదు కనుక, తక్కువగా అరిగించుకున్నా ఎక్కువగా తినడమే దాని పద్ధతి. అందుకే ఆకులో మాంసకృత్తులు ఎక్కువగా, పీచు తక్కువగా ఉన్న లేత మడుల వైపు అది మొగ్గుతుంది. నదీముఖాల మేతను లెక్కించే మోడల్లో గడ్డి బరువుతో పాటు దాని నాణ్యత కూడా ఒక అంకెగా ఉండాలి.

ఈ ముక్కలన్నిటినీ అతికించే పద్ధతి ‘ఒక్కొక్క జీవిని లెక్కించే మోడల్’. పాత మోడళ్లు పక్షుల గుంపునంతా ఒకే సంఖ్యగా తీసుకునేవి. ఈ పద్ధతిలో కంప్యూటర్ ప్రతి పక్షికీ ఒక ఖాతా తెరుస్తుంది. ఆ ఖాతాలో ఆ పక్షి బరువు, కొవ్వు నిల్వ, ఇప్పుడున్న మడి, తినే నేర్పు నమోదవుతాయి. ప్రతి గంటకూ కంప్యూటర్ నీటిమట్టాన్ని మార్చి, ఏయే మడులు అందుతున్నాయో చూస్తుంది. ప్రతి పక్షీ తనకు ఎక్కువ రాబడి ఇచ్చే మడిని ఎంచుకుంటుంది, తిన్నంత మేరకు ఆ మడిలో గడ్డి తరుగుతుంది, అరిగిన శక్తి జమ అవుతుంది, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి, ఈదడానికి, ఎగరడానికి అయిన శక్తి ఖర్చు అవుతుంది. అలా సీజను పొడవునా వేల ఖాతాలు నడుస్తాయి. ఎక్కడ గుంపు చేరుతుందో, ఏ మడి ముందు ఖాళీ అవుతుందో మోడల్‌కు ఎవరూ ముందుగా చెప్పరు. ఆ తీరు పక్షుల నిర్ణయాల్లోంచి తానే పుట్టుకొస్తుంది.

ఇలాంటి మోడళ్లకు మంచి పేరు తెచ్చినది ఇంగ్లండ్‌లోని ఎక్స్ నదీముఖంలో మస్సెల్ గుల్లలు తినే ఆయిస్టర్‌క్యాచర్ పక్షులపై జరిగిన సుదీర్ఘ పరిశోధన. ఆ బాటలోనే బోర్న్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ స్టిల్‌మన్ ‘మార్ఫ్’ అనే సాధారణ మోడల్‌ను తయారుచేశారు. ఏ తీరంలోనైనా, ఏ మేతకైనా, ఏ పక్షికైనా అక్కడి కొలతలు నింపి వాడుకోవడానికి వీలుగా అది రూపొందింది. హంబోల్ట్ అఖాతంలోని బ్రాంట్ బాతులపై ఈ తరహా మోడల్‌ను నడిపి, ఫలితాలను ఆయన, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2015లో ప్రచురించారు.

ఆ మోడల్లో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది రాకపోకల లెక్క. బ్రాంట్‌కు హంబోల్ట్ ఇల్లు కాదు, దారిలోని సత్రం. పక్షులు వేర్వేరు రోజుల్లో దిగుతాయి, కావలసినంత కొవ్వు చేరగానే ఉత్తరానికి లేస్తాయి. మోడల్లో కూడా వెళ్లాలా ఉండాలా అన్న నిర్ణయం పక్షి బరువును బట్టి జరుగుతుంది. దీని పర్యవసానం సూక్ష్మమైనది: మేత బాగుంటే పక్షులు త్వరగా బరువెక్కి త్వరగా వెళ్లిపోతాయి, మేత బాగాలేకపోతే ఎక్కువ రోజులు ఆగిపోతాయి. ఒడ్డు నుంచి లెక్కపెట్టేవారికి చెడ్డ సంవత్సరంలో కూడా అఖాతం నిండుగా కనిపించవచ్చు. తలలు లెక్కపెట్టి చోటు మంచిచెడ్డలు తేల్చడం ఎంత ప్రమాదకరమో ఇక్కడ తెలుస్తుంది.

మోడల్‌ను నమ్మవచ్చా అన్నది న్యాయమైన సందేహం. దానికి సరైన పరీక్ష ఏమిటంటే, మోడల్‌లో నింపిన కొలతలు వేరుగా ఉండాలి, మోడల్ జవాబును సరిపోల్చే కొలతలు వేరుగా ఉండాలి. హంబోల్ట్ మోడల్‌ను పక్షులు మేతకు వెచ్చించే సమయం, అవి ఆగే రోజులు, గరిష్ఠ సంఖ్య, బరువు పెరిగే వేగం, అఖాతంలో అవి ఎక్కడెక్కడ చేరతాయన్న విషయాల్లో క్షేత్ర పరిశీలనలతో పోల్చి చూశారు. మొత్తం 11 అంచనాలూ నిజమైన విలువకు 35 శాతం లోపు తేడాతోనే ఉన్నాయి, వాటిలో 8 అంచనాల్లో తేడా 20 శాతం లోపే. భౌతికశాస్త్రంలో ఇది గొప్ప ఫలితం అనిపించుకోదు. కానీ గాలి, బురద, నీరు, ఆకలి కలిసి నడిపించే ఒక జీవి విషయంలో, ఇన్ని వేర్వేరు అంశాలు ఒకేసారి ఈ దరిదాపుల్లోకి రావడం చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

ఇక ఫలితాలు. మొదటి చూపులో అవి ఒకదానికొకటి పొసగనట్టు ఉంటాయి. అఖాతంలోని ఈల్‌గ్రాస్ ఇప్పుడు వస్తున్న పక్షులకు ఐదు రెట్ల వరకు పోషించగలదని మోడల్ చెప్పింది. అదే మోడల్, మొత్తం గడ్డి రాశి తగ్గినా, పక్షులను బెదరగొట్టే సమయం పెరిగినా వాటి బరువు పెరిగే వేగం, అవి ఆగే రోజులు గణనీయంగా మారతాయని కూడా చెప్పింది. ఐదు రెట్ల మేత ఉన్నచోట కొంత తగ్గితే ఏమవుతుంది?

ఈ చిక్కుముడి విప్పడానికి ఒక ఖాతాను దగ్గరగా చూడాలి. ఒక పక్షి రోజుకు నూరు పాళ్ల శక్తి సంపాదిస్తుందనుకుందాం. అందులో ఎనభై పాళ్లు బతకడానికే ఖర్చయితే, కొవ్వుగా మిగిలేది ఇరవై. ఇప్పుడు సంపాదన పది శాతం తగ్గితే చేతికొచ్చేది తొంభై, ఖర్చు మాత్రం అదే ఎనభై, మిగులు పది. రాబడిలో పదోవంతు పోతే నిల్వలో సగం పోయింది. చిన్న జీతంతో ఇల్లు నడిపేవారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. ఐదు రెట్లు అన్న మాట అఖాతం మొత్తంలోని నిల్వ గురించి, అంటే సీజను ముగిసేదాకా గడ్డి తరిగిపోకుండా ఉండే సంఖ్య గురించి. పక్షి ప్రయాణాన్ని నిర్ణయించేది మాత్రం ఆటు తెరిచి ఉంచిన ఆ కొద్ది గంటల్లో నిమిషానికి ఎన్ని నోళ్లు పడ్డాయన్నది. గాదె నిండా ధాన్యం ఉండవచ్చు, తలుపు రోజుకు మూడు గంటలే తెరుచుకుంటే ఆకలి తీరేది ఆ మూడు గంటల్లోనే.

అందుకే బెదరడం అంత ఖరీదైనది. పడవ దగ్గరికొచ్చినా, వేటగాడి తుపాకీ పేలినా, బురదలో మనుషులు నడిచినా, ఆల్చిప్పల సాగు పనులు పక్కనే జరిగినా మంద మొత్తం లేస్తుంది. ఎగరడానికి అయ్యే శక్తి విశ్రాంతిలో అయ్యేదానికి పది రెట్ల పైమాటే. మన ఊహా మడిలో మూడు గంటల నలభై నిమిషాల వ్యవధిలో రెండుసార్లు బెదిరి, ఒక్కోసారి ఇరవై నిమిషాలు పోయాయనుకుంటే, మేత సమయంలో 18 శాతం పోయినట్టు. అదే 30 సెంటీమీటర్లు కిందున్న మడిలో అయితే 37 శాతం. పోయిన సమయాన్ని తర్వాత పూడ్చుకుందామంటే నీరు ఆగదు. నేల మీద మేసే గొర్రెను కుక్క తరిమితే అది మరో గంట ఆలస్యంగానైనా మేసుకుంటుంది, నదీముఖంలో మేసే పక్షికి ఆ వెసులుబాటు తక్కువ. ఒడ్డున నిలబడి చూసేవారికి పక్షులు ఎగిరి మళ్లీ దిగడం అందమైన దృశ్యంగానే కనిపిస్తుంది, దాని ధరను చూపించగలిగేది ఈ ఖాతాయే.

సముద్రమట్టం పెరుగుదల విషయంలో మోడల్ జవాబు చాలామంది ఊహించినదానికి భిన్నంగా వచ్చింది. రాబోయే నూరేళ్ల పెరుగుదల వల్ల హంబోల్ట్‌లో బరువు పెరిగే వేగం పెద్దగా మారదని అది అంచనా వేసింది. మన ఉదాహరణను గుర్తుచేసుకుంటే ఇది వింతగా ఉంటుంది: నీరు 30 సెంటీమీటర్లు పెరిగి గడ్డి ఉన్నచోటే ఉంటే, మడి 30 సెంటీమీటర్లు దిగినట్టే, మేత వ్యవధి సగమవుతుంది. అయితే గడ్డి ఉన్నచోటే ఉండదు. ఒడ్డు వైపు ఇప్పుడు ఖాళీగా ఉన్న బురదనేలల్లోకి అది పాకిపోగలదన్నది ఆ జవాబుకు ఆధారం. ఈ ఆధారాన్ని విడిచి జవాబును మాత్రమే పట్టుకుంటే తప్పుదారి పడతాం. అఖాతం చుట్టూ పశువుల పచ్చికల కోసం పూర్వం కట్టిన మట్టిగట్లు చాలా మేర ఉన్నాయి. పాకే గడ్డికి బురదనేల ఉన్నంతవరకే ఈ భరోసా, గట్టు దగ్గర అది ఆగిపోతుంది. ఒడ్డు నిటారుగా ఉన్న మరో నదీముఖానికి హంబోల్ట్ జవాబును తీసుకెళ్లి అతికించడం కుదరదు.

ఇంతవరకు గడ్డినే తినే జీవి గురించి మాట్లాడుకున్నాం. నదీముఖాల్లో శాకాహారులనగానే అన్నీ గడ్డినే తింటాయనుకోవడం మరో పొరపాటు. చాలా చిన్న జీవులు ఆకును వదిలి, ఆకు మీద పేరుకునే పాచిని గీకి తింటాయి. కాలిఫోర్నియాలోనే మాంటెరే అఖాతంలోకి తెరుచుకునే ఎల్క్‌హార్న్ స్లూ అనే నదీముఖంలో ఈ తేడా ఎంత దూరం పోతుందో కనిపించింది. చుట్టుపక్కల పొలాల నుంచి ఎరువుల నీరు విపరీతంగా చేరే ప్రాంతమది. అంత ఎరువు చేరితే పాచి పెరిగి, వెలుతురు అందక గడ్డి నశించాలి. కానీ 1980ల నుంచి సముద్రపు నీటికుక్కలు అక్కడికి తిరిగి రావడంతో ఈల్‌గ్రాస్ కోలుకుంది. 2013లో ప్రచురితమైన పరిశోధన ఆ గొలుసును ఇలా వివరించింది: నీటికుక్కలు పీతలను తిన్నాయి, పీతలు తగ్గడంతో అవి తినే చిన్న సముద్రనత్తలు, ఐసోపాడ్ పురుగులు పెరిగాయి, అవి ఆకుల మీది పాచిని గీకేశాయి, శుభ్రపడిన ఆకుకు మళ్లీ వెలుతురు అందింది.

మోడల్ కట్టేవారికి ఇది గట్టి పాఠం. బ్రాంట్ బాతుల సమీకరణంలో మేత పెరిగితే గడ్డి తగ్గుతుంది, ఆ సముద్రనత్తల సమీకరణంలో మేత పెరిగితే గడ్డి పెరుగుతుంది. ‘శాకాహారులు’ అని ఒకే గడి గీసి రెంటినీ అందులో వేస్తే, ఫలితం తప్పడమే కాదు, తలకిందులవుతుంది. ఈ రెండో రకం మోడల్లో ఆటు గంటలకు బదులు వెలుతురు, ఎరువు, పాచి పెరిగే వేగం, పీతల సంఖ్య ముఖ్యమవుతాయి. పైగా ఆ పురుగుల్లో కొన్ని పాచి కరువైతే ఆకునూ కొరుకుతాయి కాబట్టి, మేత గడ్డిని పెంచేదల్లా తగ్గించేదిగా ఎప్పుడు మారుతుందో కూడా లెక్కలో ఉండాలి.

మేత మార్చుకోగలగడం ఎంత పెద్ద విషయమో 1930ల తొలినాళ్లలో అట్లాంటిక్ తీరాల్లో జరిగిన విషాదం చూపిస్తుంది. ఒక జిగురుబూజు జాతి వల్ల వచ్చిన క్షీణ రోగంతో ఉత్తర అట్లాంటిక్‌లోని ఈల్‌గ్రాస్‌లో 90 శాతానికి పైగా నశించింది. అక్కడి బ్రాంట్ బాతుల సంఖ్య దారుణంగా పడిపోయింది. బతికినవి సీ లెట్యూస్ అనే పచ్చని నాచు వంటివాటికి అలవాటుపడ్డాయి. అదే తీరంలో ఈల్‌గ్రాస్ ఆకు మీద మాత్రమే బతికే ఒక చిన్న లింపెట్ నత్త ఉండేది. రోగం తగలకుండా గడ్డి మిగిలినది నదుల పైభాగాన, ఉప్పు తక్కువగా ఉన్న నీటిలో. ఆ తక్కువ ఉప్పును గడ్డి తట్టుకోగలిగింది గాని నత్త తట్టుకోలేకపోయింది. కళ్లెదుట మేత ఉండగానే దాని జాతి భూమి మీద నుంచి అంతరించిపోయింది. గడ్డి ఎంత మిగిలిందన్న అంకె మాత్రమే చూసే మోడల్ ఏదీ ఈ నత్త చావును ముందుగా చెప్పలేదు. ఉప్పు శాతం అనే మరో గీత అక్కడ గీసి ఉండాలి.

గడ్డి తిరిగి మొలిచే వేగం గురించి మన దేశపు ఉదాహరణ ఒకటి చెప్పుకోవాలి. అది నదీముఖం కాదు, పగడపు దీవుల లగూన్. లక్షద్వీప్‌లోని అగత్తి చుట్టూ పచ్చ సముద్ర తాబేళ్లు బాగా పెరిగి, సముద్రగడ్డి ఆకులను పదేపదే కొరికి కురచ చేశాయి. వలసపోయే బాతు కొన్ని వారాలు మేసి వెళ్లిపోతే గడ్డికి మిగతా ఏడాది విశ్రాంతి దొరుకుతుంది. అక్కడే ఉండిపోయే తాబేలు ఆ విశ్రాంతి ఇవ్వదు. మొలిచే వేగాన్ని మేసే వేగం దాటిన క్షణం నుంచి మైదానం కరగడం మొదలవుతుంది. అక్కడ జరిగింది అదే: ఒక దీవి దగ్గర గడ్డి ఖాళీ కాగానే తాబేళ్లు మరో దీవికి మళ్లాయి, అక్కడా అదే కథ నడిచింది. భయం కూడా ఈ లెక్కలో భాగమేనని ఆస్ట్రేలియాలోని షార్క్ బే పరిశోధనలు చూపించాయి: పులి సొరచేపలు ఎక్కువగా తిరిగే కాలంలో డ్యూగాంగ్‌లు అనే గడ్డి మేసే పెద్ద సముద్ర క్షీరదాలు మంచి గడ్డి ఉన్న ప్రమాదకరమైన చోట్లను తగ్గించుకుంటాయి. హంబోల్ట్‌లో పడవ చేసే పనినే అక్కడ సొరచేప చేస్తోంది.

ఈ మోడళ్లను మన పులికాట్ సరస్సు వంటి చోటికి తేవాలంటే ఏది తేవాలి, ఏది వదలాలి అన్నది ఇప్పుడు చెప్పవచ్చు. పులికాట్ సగటు లోతు సుమారు మీటరు మాత్రమే. అక్కడి నీటిమట్టం మీద ఆటుపోట్ల గంటల కంటే రుతుపవనాల పట్టు ఎక్కువ, స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు తెచ్చే నీరు, సముద్రపు మొగ తెరుచుకోవడం, ఇసుకతో పూడుకుపోవడం దాన్ని నిర్ణయిస్తాయి. కాబట్టి హంబోల్ట్ మోడల్లోని గంటల గడియారం స్థానంలో నెలల గడియారం పెట్టాలి, ఉప్పు శాతాన్ని మొదటి వరుసలోకి తేవాలి. ప్రశ్నలు మాత్రం అవే: ఏ మడి, ఎంత లోతు, ఎప్పుడు, ఎవరికి అందుతుంది?

హంబోల్ట్ మోడల్‌కు ఉన్న ఒక హద్దును కూడా గుర్తించాలి. అందులో పక్షి ఖాతా అది అఖాతంలో దిగిన రోజున తెరుచుకుంటుంది, లేచిపోయిన రోజున మూతపడుతుంది. కానీ పసిఫిక్ బ్రాంట్ బాతుల్లో దాదాపు అన్నీ శరదృతువులో అలాస్కాలోని ఇజెంబెక్ లగూన్‌లో ఈల్‌గ్రాస్ మేస్తూ గుమిగూడతాయి, అక్కడి నుంచే దక్షిణానికి బయలుదేరుతాయి. ఇటీవలి దశాబ్దాల్లో చలి తగ్గుతున్నకొద్దీ, మెక్సికో దాకా వెళ్లకుండా అలాస్కాలోనే శీతకాలం గడిపే పక్షుల సంఖ్య పెరుగుతోంది. అలా ఆగిపోయిన పక్షికి వసంతంలో హంబోల్ట్ మీదుగా రావలసిన పనే లేదు. దాని ఖాతా తెరవాలంటే ఇజెంబెక్‌లో చలికాలపు పగటి గంటలు ఎన్ని, అక్కడ నీరు ఎన్ని రోజులు గడ్డకడుతుంది, మంచు కింద ఉన్న గడ్డిలో అందేదెంత అన్న కొలతలతో మొదలుపెట్టాలి.